అబార్షన్ సంగతి అమ్మాయి ఇన్నేళ్లకు చెప్పింది: విశ్వాసి అయిన తండ్రి ఆమెతో ఏం మాట్లాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. ఇరవై ఆరేళ్ల మీ అమ్మాయి, నాలుగేళ్ల క్రితం చదువుకుంటున్న రోజుల్లో అబార్షన్ చేయించుకున్నానని పోయిన నెల మీ ఒక్కరికే చెప్పింది. గర్భంలో పడిన నాటి నుంచే బిడ్డ దేవుని చేతిపని అని నమ్మి, ఆ నమ్మకంలోనే పిల్లలను పెంచిన తండ్రి మీరు. జరిగినదాన్ని సమర్థించినట్టు కాకుండా ఆమెను ప్రేమించడం ఎలా, ఆమె చేత పశ్చాత్తాప ప్రార్థన చేయించాలా, పుట్టకుండా పోయిన ఆ బిడ్డ గురించి ఏమనుకోవాలి, తల్లికీ పాస్టరు గారికీ చెప్పాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆమె చేత ఏ ప్రార్థనా చేయించకండి, ఏ వాక్యమూ తెరిచి చదివించకండి. నాకు చెప్పినందుకు సంతోషం, నువ్వెప్పటికీ నా బిడ్డవే అని చెప్పండి. కొన్నాళ్లాగి, ఇన్నేళ్లూ నాకు చెప్పలేకపోవడానికి నా మాటల్లో ఏదైనా కారణముందా అని అడగండి. ఇందుకోసం మీ నమ్మకాన్ని వదులుకోవలసిన అవసరం లేదు. మీరేం నమ్ముతారో ఆమెకు ఇప్పటికే తెలుసు, మీ ఇంట్లోనే పెరిగింది కాబట్టి. ఆ నమ్మకం ఉన్న తండ్రి దగ్గర తనకు ఇంకా చోటుందో లేదో మాత్రమే ఆమెకు తెలియదు.

గర్భం కోల్పోయినవారి దగ్గర, తీయించుకున్నవారి దగ్గర, వారి తల్లిదండ్రుల దగ్గర కూర్చుని వినే పరిచర్యలో నేను పదిహేడేళ్లుగా ఉన్నాను. అయితే మీకు ఈ సమాధానం రాయడానికి నాకున్న అర్హత ఆ పరిచర్య వల్ల వచ్చినది కాదు. నా కూతురు కూడా తల్లినైన నాకు మూడేళ్లపాటు చెప్పలేదు.

ఆమెకు పద్నాలుగేళ్లున్నప్పుడు మా సంఘంలో ఒక అమ్మాయి గర్భవతి అయ్యింది, తర్వాత ఆ గర్భం తీయించారని తెలిసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ కుటుంబం గురించి మాట్లాడుతూ, అలాంటి కూతురు నాకే ఉంటే గుమ్మం తొక్కనివ్వనని అన్నాను. కోపంతో అన్న మాట కూడా కాదు. పిల్లలకు మంచీ చెడూ తెలియజెబుతున్నాననే ధైర్యంతో, నిదానంగా అన్నాను, తర్వాత ఆ మాట పూర్తిగా మరచిపోయాను. తొమ్మిదేళ్ల తర్వాత నా కూతురు ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లి, ఒంటరిగా తిరిగి వచ్చింది. మరో మూడేళ్లకు నా దగ్గర కూర్చుని ఆ సంగతి చెప్పినప్పుడు, ఎందుకమ్మా నాతో ఒక్క మాటైనా చెప్పలేదు అని నేను ఏడిస్తే, ఆ రాత్రి భోజనాల దగ్గర నేనన్న వాక్యాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఆ వేళ ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో కూడా ఆమెకు గుర్తుంది.

అంతటితో నాకు బుద్ధి వచ్చిందని రాయగలిగితే బాగుండేది. ఆ రోజే నేను ఆమెను మోకరించమని అడిగాను. పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడని, ఇద్దరం కలిసి ప్రార్థన చేద్దామని అన్నాను. నా ఉద్దేశం మంచిదే, నా కళ్లలో నీళ్లు కూడా నిజమైనవే, కానీ ఆమె నా దగ్గరికి వచ్చింది తల్లి కోసం. ఆమె ప్రార్థన చేయలేదు, లేచి వెళ్లిపోయింది, ఆ తర్వాత ఏడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ ఏడు నెలల్లో నేను చేసిన సరైన పని ఒక్కటే: ఒక ఉత్తరం రాశాను. అందులో అబార్షన్ గురించి ఏమీ రాయలేదు. ఆ రాత్రి నేనన్న మాట తప్పు అని, ఆ మాట ఒక బిడ్డ ముందు అన్నానని, నా సొంత కూతురికి నేనే గుమ్మం మూశానని, అందుకు నన్ను క్షమించమని మాత్రం రాశాను.

అందుకే, మీ నాలుగు ప్రశ్నల కంటే ముందు మీరు వేసుకోవలసిన ప్రశ్న మరొకటుందని నాకు అనిపిస్తుంది. ఆమె ఇరవై రెండేళ్ల వయసులో, జీవితంలోకెల్లా భయపడిన వారంలో, మీకెందుకు ఫోన్ చేయలేకపోయింది? గర్భంలోని ప్రాణం విలువైనదని నమ్మే తల్లిదండ్రులం మనం. ఆ ప్రాణాన్ని కాపాడుకోవడానికి మనకు దొరకగలిగిన ఒకే ఒక అవకాశం, మన పిల్లలు భయంలో మొదట మన దగ్గరికి రావడం. ఇతరుల పిల్లల గురించి మనం ఇంట్లో మాట్లాడే తీరుతో ఆ అవకాశాన్ని మనమే పోగొట్టుకుంటాం. నేను విన్న కుటుంబాల్లో ఇది ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు, కానీ కూతుళ్లు చెప్పే కారణం దాదాపు ప్రతిసారీ ఇలాంటిదే: ఎవరి గురించో, ఎప్పుడో, ఇంట్లో అన్న ఒక మాట.

ఇక పశ్చాత్తాప ప్రార్థన గురించి. మీరు లూకా సువార్త పదిహేనో అధ్యాయాన్ని చాలాసార్లు చదివే ఉంటారు. తప్పిపోయిన కుమారుడు ఇంటికి రాకముందే తండ్రితో చెప్పవలసిన మాటలన్నీ సిద్ధం చేసుకుంటాడు. నేను నీ కుమారుడనని అనిపించుకోవడానికి తగను, నీ కూలివారిలో ఒకడిగా పెట్టుకో అనేది అందులో చివరి మాట. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తి వెళ్లి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు. ఆ తర్వాత కొడుకు మాట్లాడడం మొదలుపెడతాడు, కానీ కూలివాడిగా పెట్టుకోమనే ఆ చివరి మాట దగ్గరికి రానే రాడు, తండ్రి అప్పటికే వస్త్రమూ ఉంగరమూ తెమ్మని పనివాళ్లకు చెబుతుంటాడు. మీ అమ్మాయి కూడా మీ దగ్గరికి వచ్చే ముందు ఏవో మాటలు సిద్ధం చేసుకునే ఉంటుంది. వాటన్నింటినీ ఆమె చేత పూర్తిగా చెప్పించడం మీ పని కాదు. దేవునితో ఆమె మాట్లాడవలసినది ఏదైనా ఉంటే అది వారిద్దరి మధ్య సంగతి, దానికి వేళ నిర్ణయించే అధికారం నాకూ లేదు, మీకూ లేదు.

ప్రేమించడం అంటే ఒప్పుకున్నట్టే కదా అనే మీ భయం చాలా పాతది. క్రీ.శ. 314లో అంకీరాలో (నేటి టర్కీలోని అంకారాలో) సమావేశమైన సంఘ పెద్దలు ఈ విషయం మీదే ఒక తీర్మానం రాశారు. అంతకు ముందున్న నియమం ప్రకారం గర్భం తీయించుకున్న స్త్రీని మరణ సమయం వరకు ప్రభువు బల్లకు, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు, దూరంగా ఉంచేవారు. ఆ పెద్దలు తాము కొంత కనికరం చూపదలచామని చెబుతూ దాన్ని పదేళ్లకు తగ్గించారు. ఈ రోజు పదేళ్లంటే మనకు క్రూరంగా వినిపిస్తుంది, నాకూ అలాగే వినిపిస్తుంది. కానీ అబార్షన్‌ను ఘోర పాపంగా చూసిన ఆ మనుషులు కూడా, తలుపు ఎప్పటికీ మూసి ఉంచకూడదని గ్రహించారు. మన కాలానికి వస్తే, 1995లో రెండో జాన్ పాల్ పోపు, అబార్షన్‌ను ఎంతో గట్టిగా ఖండించిన తన లేఖలోనే, ఆ పని చేసిన స్త్రీలతో నేరుగా మాట్లాడుతూ నిరాశ పడవద్దని రాశారు. అప్పటివరకు చాలాచోట్ల బిషపుకు మాత్రమే ఉన్న, ఈ పాపానికి క్షమాపణ ప్రకటించే అధికారాన్ని, 2016లో పోపు ఫ్రాన్సిస్ గురువులందరికీ (కేథలిక్ ఫాదర్లందరికీ) శాశ్వతంగా ఇచ్చారు. నేను కేథలిక్కును కాను. అయినా ఈ విషయంలో అందరికంటే కఠినంగా ఉన్నదని పేరున్న సంఘమే తన సిద్ధాంతంలో ఒక్క అక్షరం మార్చకుండా ఇంత దూరం రాగలిగిందని, మీలాంటి తండ్రులు అడిగినప్పుడల్లా చెబుతుంటాను.

వాక్యాలతో వాదించాలని మీకు అనిపిస్తే, ఒక జాగ్రత్త చెప్పాలి. గర్భంలో నన్ను నిర్మించినవాడవు నీవే అనే 139వ కీర్తన భావాన్ని, గర్భంలో రూపింపక ముందే నిన్నెరిగితినని దేవుడు యిర్మీయాతో చెప్పిన మాటను, మరియ పలకరింపు విని ఎలీసబెతు గర్భంలోని శిశువు గంతులు వేసిన సంగతిని నేనూ నమ్ముతాను, నా నమ్మకానికి పునాది అవే. కానీ అబార్షన్ అని పేరు పెట్టి నిషేధించిన ఆజ్ఞ బైబిల్లో లేదు. గర్భవతికి దెబ్బ తగిలి బిడ్డ బయటపడిన సందర్భం గురించి నిర్గమకాండము ఇరవై ఒకటో అధ్యాయంలో ఉన్న నియమం హెబ్రీ మూలంలో ఒక రకంగా, పాత గ్రీకు అనువాదంలో మరో రకంగా ఉంది. గ్రీకు పాఠం శిశువుకు రూపం ఏర్పడిందా లేదా అని తేడా చూస్తుంది. ఆ తేడాను అగస్టీను వంటి తొలినాటి సంఘ బోధకులు పట్టించుకున్నారు, నాలుగో శతాబ్దపు బిషపు బాసిలు మాత్రం అలాంటి తేడా తమకు లేదని రాశాడు. మీ అమ్మాయి చదువుకున్నది. మీరు ఒక వచనం తెరిస్తే ఆమె రెండు తెరవగలదు, అప్పుడు మీ ఇద్దరి మధ్య జరిగేది వాదన అవుతుంది, ఆమె తెచ్చుకున్న బరువు ఆమె దగ్గరే ఉండిపోతుంది.

ఆమె ఎలా బాధపడాలో మీరు నిర్ణయించకండి. ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్న విషయం. గర్భం తీయించుకున్న ప్రతి స్త్రీ లోలోపల కుమిలిపోతూ ఉంటుందని నాకు చెప్పారు, నేనూ అలాగే నమ్మాను. అమెరికాలో దాదాపు వెయ్యి మంది స్త్రీలను ఐదేళ్లపాటు అనుసరించిన టర్నవే అధ్యయనంలో మాత్రం, అబార్షన్ జరిగినవారిలో అత్యధికులు ఐదేళ్ల తర్వాత కూడా తమ నిర్ణయం తమకు సరైనదేనని చెప్పారు, వారు ఎక్కువగా చెప్పిన అనుభూతి ఊరట. అమెరికా మనోవైజ్ఞానిక సంఘం 2008లో ఇచ్చిన నివేదిక కూడా, అనుకోకుండా వచ్చిన గర్భాన్ని మొదటి మూడు నెలల్లో ఒకసారి తీయించుకున్న స్త్రీకి మానసిక సమస్యల ముప్పు ఆ గర్భాన్ని కని పెంచిన స్త్రీ కంటే ఎక్కువగా ఉండదని తేల్చింది. ఏ స్త్రీలు ఎక్కువ బాధపడతారో కూడా ఆ నివేదిక చెప్పింది: లోకం నిందిస్తుందని భయపడినవారు, దాచవలసి వచ్చినవారు, ఆదుకునే మనిషి లేనివారు, అంతకు ముందే మానసిక సమస్యలున్నవారు. ఇందులో మొదటి మూడింటిలోనూ తల్లిదండ్రులకు భాగముంది.

ఈ సంఖ్యలు ఆ పని తప్పా ఒప్పా అనే ప్రశ్నకు జవాబు చెప్పవు, చెప్పాలని నేను కోరుకోవడం కూడా లేదు. ఊరట కలిగినంత మాత్రాన పని మంచిదైపోదు, కన్నీరు వచ్చినంత మాత్రాన చెడ్డదీ అయిపోదు. కానీ మీ అమ్మాయి పొడి కళ్లతో చెప్పి ఉంటే, ఆమె గుండె రాయి అయిందని అనుకోకండి. ఒక తండ్రి తన కూతురిని నా దగ్గరకు తీసుకొచ్చి, ఈమె ఇంతవరకు ఏడవలేదు, ఏడిపించండి అని అడిగారు. ఆమె నాతో ఒక గంట మాట్లాడింది. ఆ గంటలో ఆమె కళ్లలో నీరు తిరిగింది ఒక్కసారే, తండ్రి తనను ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలవడం మానేశారని చెప్పినప్పుడు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే పరిస్థితి కూడా చూశాను. ఒక తల్లి, పదిహేడేళ్ల కూతురిని, సంఘంలో తలెత్తుకోలేమన్న భయంతో, తానే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లింది. ఆ అమ్మాయి వద్దంటూనే ఉందట. పదేళ్ల తర్వాత ఆ తల్లి నా దగ్గరకు వచ్చి, నా కూతురికి దేవుని క్షమాపణ దొరుకుతుందా అని అడిగింది. క్షమాపణ అడగవలసింది మీరు, ముందు మీ కూతురిని అడగండి అని చెప్పడానికి నాకు గొంతు పెగలలేదు, కానీ చెప్పాను. మీ ఇంట్లో అలా జరగలేదని నాకు తెలుసు. అయినా మీ అమ్మాయి మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారేమో, ఆ గర్భం ఆమె ఇష్టప్రకారం వచ్చినదేనా అన్న సంగతులు మీకు ఇంకా తెలియవు. దండించడానికి వాక్యాలు వెదికే తొందరలో, ఆమె మీద జరిగిన అన్యాయాన్ని మనం అడగడం మరచిపోతాం. అడగడమంటే విచారణ కాదు. నీకు చెప్పాలనిపించినంత చెప్పు, మిగతాది నేను అడగను అంటే చాలు.

పుట్టకుండా పోయిన ఆ బిడ్డ గురించి మీరు అడిగినప్పుడు, మీ ప్రశ్నలో మనవడు లేక మనవరాలు అనే మాట ఉంది. ఆ మాట రాయడానికి మీకు ఎంత కష్టమైందో ఊహించగలను, ఎందుకంటే నాకూ ఆ దుఃఖముంది. నేను నమ్మేదాని ప్రకారం ఆ బిడ్డ దేవునికి తెలిసిన బిడ్డ, ఆయన దగ్గర ఉన్న బిడ్డ. తన శిశువు చనిపోయినప్పుడు దావీదు, నేను వాని దగ్గరికి వెళ్తాను గాని వాడు నా దగ్గరికి తిరిగి రాడని అన్నాడు. ఆ మాటను నేను చాలా రాత్రులు పట్టుకుని ఉన్నాను. కానీ ఈ దుఃఖం మీది, దాన్ని మీ కూతురి చేతికి ఇవ్వకండి. నీవల్ల నాకు మనవడు లేకుండా పోయాడని ఒక్కసారి అంటే, ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి ఒక జీవితం చాలదు. మీ దుఃఖాన్ని ప్రార్థనలో మోయండి, లేదా ఆమెను ఎరగని, నోరు దాటనివ్వని ఒక పెద్దమనిషి దగ్గర చెప్పుకోండి. 1984లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో విక్కీ థార్న్ అనే ఆమె ఇలాంటి కుటుంబాల కోసం మొదలుపెట్టిన పరిచర్యకు రాహేలు పేరు పెట్టారు. తన పిల్లల కోసం ఏడ్చి ఓదార్పు పొందనొల్లని రాహేలు గురించి యిర్మీయా గ్రంథం ముప్పై ఒకటో అధ్యాయంలో ఉంది. ఆ వచనం దగ్గరే చాలామంది ఆగిపోతారు. దాని తర్వాతి వచనాల్లో దేవుడు ఆమెను ఏడ్వవద్దని, ఆమె పిల్లలు తిరిగి వస్తారని, భవిష్యత్తు గురించి నిరీక్షణ ఉందని చెబుతాడు. మీరు చదువుకోదలిస్తే ఆ రెండు మూడు వచనాలు కలిపి చదవండి, మీ కోసమే చదవండి.

నా కూతురు, ఉత్తరం అందిన చాలా కాలానికి, ఒక సాయంత్రం తానుగా అడిగింది: అమ్మా, ఆ బిడ్డ కోసం నువ్వు ప్రార్థన చేస్తావా? చేస్తానని చెప్పాను. ఏమని చేస్తావని అడిగింది. ఆ బిడ్డను చూసుకుంటున్నందుకు దేవునికి కృతజ్ఞత చెబుతాను, నిన్ను చూసుకోమని అడుగుతాను అన్నాను. ఆమె ఏమీ అనలేదు, కానీ లేచి వెళ్లిపోలేదు. మీకు కూడా అలాంటి సాయంత్రం ఒకటి వస్తే, అప్పుడు మీ నమ్మకాన్ని దాచకుండా చెప్పండి. అడగకముందు చెప్పిన మాట ఆమెకు తీర్పులా వినిపిస్తుంది. అడిగిన తర్వాత చెబితే అదే మాట ఓదార్పు కావచ్చు.

ఆరోగ్యం గురించి కొద్దిగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రుల నోటి నుంచి ఈ విషయంలో చాలా అబద్ధాలు వస్తుంటాయి. సక్రమంగా, ఎటువంటి ఇబ్బందీ లేకుండా జరిగిన అబార్షన్ వల్ల సాధారణంగా తర్వాత పిల్లలు పుట్టకుండా పోరు. రేపు ఆమెకు పెళ్లై పిల్లలు ఆలస్యమైతే, అది ఆనాటి పనికి శిక్ష అని మీరు గాని, మీ బంధువులు గాని అనకూడదు. అలాగే ఆమెకు నిద్ర పట్టకపోవడం, రోజులకొద్దీ ఏ పని మీదా మనసు నిలవకపోవడం, బతకాలని లేదనడం వంటివి గమనిస్తే, ప్రార్థనతో పాటు ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. వైద్యుడి దగ్గరకు వెళ్లడం విశ్వాసం తగ్గడమని ఎవరైనా అంటే వినకండి.

చివరిగా, ఎవరికి చెప్పాలన్న ప్రశ్న. ఆమె అనుమతి లేకుండా ఆమెను ఎరిగినవారెవరికీ చెప్పకండి, పాస్టరు గారికి కూడా, పేరు చెప్పకుండా ప్రార్థన విన్నపంగా కూడా చెప్పకండి. ఎంత గుప్తంగా చెప్పిన విన్నపమైనా ఎవరి ఇంటిదో పోల్చుకోవడానికి సంఘంలో వారం పట్టదు. మీ భార్య దగ్గర ఇంత పెద్ద సంగతి దాచడం మీకు భారమని నాకు తెలుసు, దాంపత్యంలో అది న్యాయం కూడా కాదు. అందుకని ఈ భారం గురించి మీ అమ్మాయితోనే మాట్లాడండి. అమ్మకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా, లేక ఇంకొన్నాళ్లు ఆగమంటావా అని అడగండి. ఆగమంటే ఆగండి. చెప్పమంటే, మీ భార్యతో మాట్లాడేటప్పుడు ఆమె మొదటి కోపమూ మొదటి ఏడుపూ మీ ముందే తీరేలా చూడండి, ఆ తర్వాతే తల్లీకూతుళ్లను కలవనివ్వండి. మా ఇంట్లో ఆ వరుస తప్పింది. నా మొదటి ఏడుపు నా కూతురి ముందే ఏడ్చాను, మోకరించమని అడిగింది కూడా ఆ ఏడుపులోనే.